సప్లీ తర్వాత ఏడాది: ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో నా అనుభవం

2025 సెప్టెంబరులో ఎమ్మెస్సీ మ్యాథ్స్ కన్సాలిడేటెడ్ మెమో చేతికొచ్చింది. నాలుగు సెమిస్టర్లూ పాస్. మొదటి సెమిస్టర్‌లో రియల్ అనాలిసిస్ అనే పేపరు పోయినప్పుడు నాలాంటి వాళ్ళు ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను. ‘నిన్ను నువ్వు నమ్ముకో’ అని చెప్పేవాళ్ళే అంతా. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్నాళ్ళకు వస్తుంది, ఈలోగా ఏమేం కట్టాలి, ఎన్ని నెలలు ఆగాలి అన్నది ఎవరూ చెప్పలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా. కాలేజీ పేరు రాయను. నెల్లూరు టౌన్లో ఒక ప్రైవేటు పీజీ కాలేజీ అనుకోండి.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. నాయన సోమశిల ఉత్తర కాలవ చివర రెండెకరాలు కౌలుకు చేస్తాడు. ఇంట్లో రెండు బర్రెలు. 2020లో నేను డిగ్రీలో చేరినప్పుడు తెలుగు మీడియం. మా తర్వాతి సంవత్సరం నుంచే డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు, అంటే మాదే చివరి బ్యాచ్. 2023 జూన్‌లో ఏపీ పీజీసెట్ రాశాను. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, అన్నీ పెట్టుకుంటూ పోయాను. ర్యాంకు పర్వాలేదు. కౌన్సెలింగ్, సీటు అలాట్‌మెంటు అన్నీ అయి క్లాసులో కూర్చునేసరికి కార్తీకమాసం వచ్చింది.

సీటు వచ్చాక తెలిసిన మొదటి సంగతి డబ్బు గురించి. డిగ్రీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండింది కాబట్టి పీజీకీ ఉంటుందనే అనుకున్నాం. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 తర్వాత ప్రైవేటు కాలేజీల్లో పీజీకి అది లేకుండా పోయింది. కాలేజీ ఫీజు, దర్గామిట్టలో హాస్టల్‌కు నెలకు అయిదు వేలు, పరీక్ష ఫీజులు వేరే. నాయన ఏమీ అనకుండా ఒక బర్రెను అమ్మాడు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత పరీక్ష హాల్లో పెన్ను పట్టుకున్న ప్రతిసారీ నాకు ఆ బర్రే గుర్తొచ్చేది. నమ్మకం గురించి మాట్లాడేవాళ్ళు ఈ బరువును లెక్కలోకి తీసుకోరు.

క్లాసులు మొదలైన కొన్నాళ్ళకే మిచౌంగ్ తుఫాను. డిసెంబరు మొదటివారం నెల్లూరంతా వాన, కాలేజీకి సెలవులు, హాస్టల్లో కరెంటు లేదు. కొవ్వొత్తి పెట్టుకుని నోట్సు తిరగేస్తే ఒక్క పేజీ ఎక్కలేదు. ఇంగ్లీషు ఒక కారణం. దానికంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. డిగ్రీలో మేం చేసింది లెక్కలు. సూత్రం తెలిస్తే జవాబు వచ్చేది, వెనక పేజీలో చూసుకుంటే సరిపోయేది. ఇక్కడ లెక్కలు లేవు, నిరూపణలు. సార్ బోర్డు మీద ‘ఎప్సిలాన్ సున్నా కంటే పెద్దది ఇచ్చారనుకోండి’ అని మొదలుపెట్టి పది నిమిషాల్లో ముగిస్తే, క్లాసంతా తలాడించేది. నేనూ ఆడించేదాన్ని. ఆ నిరూపణలు బట్టీ పట్టి, 2024 మార్చిలో పరీక్ష రాశాను.

ఎన్నికలు అయ్యాయి, జూన్ చివర్లో రిజల్ట్ వచ్చింది. మూడు నెలలు ఆగడం ఒక ఎత్తు, ఫోన్లో ఆ పేజీ తెరుచుకునే నిమిషం ఒక ఎత్తు. మిగతా పేపర్లు బొటాబొటిగా పాస్. రియల్ అనాలిసిస్‌లో 19. పాస్ మార్కు దరిదాపుల్లో కూడా లేదు.

ఆ వారం గురించి వివరంగా రాయాలనుంది గానీ చాలా మందికి తెలిసిందే. అన్నం సయించదు. ఫోన్ మోగితే భయం. అమ్మ ‘పోతే పోయింది, మళ్ళీ రాస్తావులే’ అంది. మా మేనమామ మాత్రం ‘తెలుగు మీడియం పిల్లకు అంత పెద్ద చదువు ఎందుకుమ్మా, బీఎడ్‌కు పెట్టుంటే సరిపోయేది’ అన్నాడు. ఆయన ప్రేమతోనే అన్నాడు. అయినా ఆ మాట నెలల తరబడి నాలో తిరిగింది. ఎందుకంటే అప్పటికి నేనూ అదే అనుకుంటున్నాను.

ఇక్కడ పనికొచ్చే సంగతి ఒకటి. రీవాల్యుయేషన్‌కు గడువు రెండు వారాలే ఉంటుంది. బాధలో ఉండగానే అయిపోతుంది. నేను ఆఖరి రోజున కట్టాను, పేపరుకు వెయ్యి దాటింది. రెండు నెలల పైన ఆగితే ‘మార్పు లేదు’ అని వచ్చింది. కొద్దిలో పోయినవాళ్ళకు దాని వల్ల ఉపయోగం ఉండొచ్చు. 19 వచ్చినవాళ్ళు ఆ డబ్బు దాచుకోవడం మేలు. రెండో సంగతి, నాకు అస్సలు తెలియనిది: మా దగ్గర మొదటి సెమిస్టర్ సప్లీకి వేరే పరీక్ష ఉండదు. వచ్చే సంవత్సరం జూనియర్లు మొదటి సెమిస్టర్ రాసేటప్పుడు వాళ్ళతో పాటు కూర్చుని రాయాలి. అంటే దాదాపు ఏడాది. ఈలోగా రెండో సెమిస్టర్, మూడో సెమిస్టర్ నడుస్తూనే ఉంటాయి, అవి మొదటి సెమిస్టర్ మీదే నిలబడి ఉంటాయి.

జూలై 17న రొట్టెల పండగ మొదలైంది. అమ్మ ఊరి నుంచి వచ్చి, చదువు రొట్టె పట్టుకోవాల్సిందేనని బారాషహీద్ దర్గా దగ్గరికి తీసుకుపోయింది. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళల్లో ఆరోగ్యం రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె అని అరుస్తూ ఇచ్చేవాళ్ళు, ‘నాకు కావాలి’ అంటూ పట్టుకునేవాళ్ళు. ఒక పెద్దావిడ చేతిలో చదువు రొట్టె ఉంది. తమిళం కలిసిన తెలుగులో మాట్లాడుతోంది. వాళ్ళ మనవరాలు రెండుసార్లు తప్పి మూడోసారి నర్సింగ్ పాసైందట. నా చేతిలో రొట్టె పెట్టి, చెయ్యి వదలకుండా ‘ఎన్ని పోయినాయి?’ అని అడిగింది. ఒకటి అన్నాను. ‘ఒకటేనా’ అంది. అంత తేలిగ్గా ఆ మాట అన్నవాళ్ళు ఆమెకు ముందు ఎవరూ లేరు. అక్కడే నీళ్ళల్లో నిలబడి ఏడ్చాను. రొట్టె తిన్నాం. కోరిక తీరితే వచ్చే ఏడు మనమూ రొట్టె చేసుకొచ్చి పంచాలి.

ఆ ఆగస్టులో హాస్టల్ గదికి ఒక అక్క వచ్చింది. కనిగిరి వాళ్ళు, ఎంఈడీ రెండో సంవత్సరం. ఆమె డిసర్టేషన్ అంశం పీజీ విద్యార్థుల ఆత్మవిశ్వాసం, వాళ్ళ మార్కులు. ప్రశ్నాపత్రాల కట్ట మంచం మీద పెట్టుకుని గదిగదికీ తిరిగేది. నాకూ ఒకటి ఇచ్చింది. ‘అక్కా, ఉన్నది రాయాలా, మంచిగా కనపడేటట్టు రాయాలా?’ అని అడిగాను. ‘పేరు రాయబల్లేదు, ఉన్నది రాయి’ అంది.

అందులో 10 వాక్యాలు. రాల్ఫ్ ష్వార్జర్, మథియాస్ యెరుసలేం అనే జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్తలు తయారుచేసిన కొలమానమట, ఈమె తెలుగు చేసుకుంది. గట్టిగా ప్రయత్నిస్తే కష్టమైన సమస్యనైనా పరిష్కరించుకోగలను, ఆ తరహా వాక్యాలు. ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా వేసుకోవాలి. మొత్తం 10కి తగ్గదు, 40కి మించదు. నాది 31 వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది. అక్క ఇంకో కాగితం తీసింది. అందులో ‘రియల్ అనాలిసిస్‌లో ఇదివరకు చూడని ఒక ఫలితాన్ని నేను నిరూపించగలను’ అని రాసి, 0 నుంచి 100 దాకా ఎంత నమ్మకమో పెట్టమంది. 10 పెట్టాను.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్క చాలాసేపు చూసింది. ‘అర్ధరాత్రి బర్రె ఈనలేక అల్లాడతా ఉంటే డాక్టరును లేపి తెప్పించానన్నావే, ఆ పిల్లవీ నువ్వే. నీకు నమ్మకం లేకపోవడమేందిమే? ఈ ఒక్కదాని దగ్గర లేదు. దీని దగ్గర ఎట్టా వస్తుందో అది చూడాల’ అంది.

నాకు జరిగినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. అప్పటిదాకా నా గుణంలోనే ఏదో లోపం ఉందనుకున్నా. పిరికిదాన్ని, పల్లెటూరిదాన్ని, తెలుగు మీడియందాన్ని, అందుకే రాలేదు అని. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన ఆల్బర్ట్ బండూరా 1977లో ఈ సంగతి మీద పెద్ద వ్యాసం రాశాడని, మనిషి నమ్మకం పనినిబట్టి మారుతుందని ఆయన పదేపదే చెప్పాడని అక్క మేడ మీద బట్టలు ఆరేస్తూ చెప్పింది. ఆ నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందట. స్వయంగా ఆ పని చేసి నెగ్గడం. మనలాంటివాళ్ళు నెగ్గుతుంటే చూడడం. నువ్వు చేయగలవని ఇంకొకరు చెప్పడం. ఆ పని ముందు మన ఒళ్ళు, మనసు ఎట్టా ఉన్నాయన్నది. నాలుగిట్లో మొదటిదే బలమైంది. పామంటే వణికిపోయేవాళ్ళను ఆయన ముందు దూరం నుంచి చూడనిచ్చి, తర్వాత గ్లవ్స్ వేసుకుని తాకనిచ్చి, ఆ తర్వాత ఒట్టి చేత్తో పట్టుకునేదాకా ఒక్కో మెట్టూ ఎక్కించాడట.

నాకు అప్పటిదాకా అందరూ ఇచ్చింది మూడోది ఒక్కటే. కాలేజీలో మోటివేషన్ క్లాసు కూడా పెట్టారు. ఆ సాయంత్రం ఎగిరినట్టే ఉండేది, మర్నాడు నోట్సు తెరిస్తే మళ్ళీ అదే. చెప్పినవాళ్ళ తప్పు లేదు. మాట ఒక్కటే అంత పని చేయలేదు.

సరే, గ్లవ్స్ వేసుకుని తాకడం అంటే నా విషయంలో ఏంటి? అక్కకు మ్యాథ్స్ రాదు. ఆమె అడిగింది ఒకటే: ‘నీకు ఇందులో పూర్తిగా అర్థమైంది ఏదైనా ఉందా? ఒక్కటి చెప్పు.’ వెతికితే ఒక్కటీ లేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున టిఫిన్‌కు ముందు పుస్తకం మూసి, తెల్లకాగితం మీద చిన్న ఫలితం ఒకటి సొంతంగా రాయడం మొదలుపెట్టా. ముందు డిగ్రీలోవే. అభిసరించే అనుక్రమానికి (ఒక అంకెకు అంతకంతకూ దగ్గరయ్యే అంకెల వరసకు) అవధి, అంటే ఆ దగ్గరయ్యే అంకె, ఒకటే ఉంటుంది, అంతటితో మొదలు. దానికే మూడు రోజులు పట్టింది. మూడో రోజు ఎవరి సాయం లేకుండా చివరి గీత దాకా వచ్చింది. దాన్ని దాచుకున్నా.

పరీక్షలో నన్ను ముంచింది యూనిఫాం కన్వర్జెన్స్, అంటే ఏకరూప అభిసరణ. నిర్వచనం బట్టీ వచ్చు, మామూలు అభిసరణతో తేడా ఏంటంటే రాదు. ఒకరోజు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి, 0కి 1కి మధ్యనున్న అంకెల ఘాతాలు వేసుకుంటూ పోయాను. 0.01 కంటే కిందికి రావాలంటే 0.5కు 7వ ఘాతం చాలు. 0.9కు 44 కావాలి. 0.99కు 459. ఒకటికి దగ్గరయ్యేకొద్దీ ఇంకా ఇంకా పెరుగుతోంది. ప్రతి అంకే ఏదో ఒకనాటికి సున్నా దగ్గరికి వస్తుంది, కానీ ‘ఫలానా ఘాతం దాటితే అన్నీ వచ్చేస్తాయి’ అని చెప్పే ఒక్క అంకె లేదు. అప్పుడు మా కాలవ గుర్తొచ్చింది. నీళ్ళు వదిలితే ప్రతి చేనుకూ ఎప్పుడో ఒకప్పుడు అందుతాయి. ఎగువ వాళ్ళకు మర్నాడే, మాకు ఎన్నాళ్ళకో. ఫలానా తేదీకల్లా అందరికీ అందుతాయని రాసిస్తేనే అది యూనిఫాం. చివరి చేను పిల్లను నేను, ఈ తేడా నాకు పుట్టుకతో తెలుసు. ఆ రోజు మంచం మీద నుంచి లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. నిర్వచనంలో ‘ప్రతి ఎక్స్‌కీ’ అన్న మాట ముందుందా వెనకుందా అన్నది అంత పెద్ద సంగతని అప్పుడు తెలిసింది.

అట్టాగని అన్నీ అట్టా తెరుచుకోలేదు. కొన్ని వారాలు ఒక్కటీ రాలేదు. మూడో సెమిస్టర్ మిడ్స్ మీద పడి తెల్లకాగితం మూలకు పోయింది. దీపావళికి ఇంటికి పోయినప్పుడు మేనమామ ఎదురుపడితే మళ్ళీ 10కే జారినట్టనిపించింది. నమ్మకం ఒకసారి వస్తే ఉండిపోయేది కాదు. చేతిలో పని ఉన్నన్నాళ్ళే ఉంటుంది, నా మటుకు నాకు.

రెండో దారి అనుకోకుండా దొరికింది. కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చేసిన ఒక సీనియర్, కావలి వైపు అమ్మాయి, మా హాస్టల్‌కు వచ్చిపోతుండేది. ఆమెదీ తెలుగు మీడియమే. తన పాత నోట్సు ఇచ్చింది. అందులో సార్లు చెప్పింది తక్కువ, కొట్టివేతలు ఎక్కువ. ఒకే నిరూపణ నాలుగు రకాలుగా మొదలుపెట్టి మధ్యలో ఆపేసి ఉంది. పక్కన తెలుగులో ‘ఇక్కడ ఎందుకు ఆగింది?’ అని తనే రాసుకుంది. క్లాస్ టాపర్ నోట్సు చూస్తే నాకు నీరసం వచ్చేది. ఈ కొట్టివేతలు చూస్తే ధైర్యం వచ్చింది. మీకు ఎవరైనా సీనియర్ నోట్సు ఇస్తానంటే ఫెయిర్ కాపీ వద్దు, రఫ్ అడగండి.

డిసెంబరులో జూనియర్లు ఇద్దరు హాస్టల్లో చేరారు. యూనిఫాం కన్వర్జెన్స్ చెప్పమన్నారు. సప్లీ ఉన్నదాన్ని నేనేం చెప్పేది అనుకుంటూనే కాలవ కథ చెప్పాను. వాళ్ళు వరసగా ప్రశ్నలు వేశారు, రెండిటికి జవాబు రాలేదు, మర్నాడు చూసి చెప్పాను. ఆ తర్వాత రోజూ రాత్రి భోజనాలయ్యాక కూర్చునేవాళ్ళం. ఒకరికి చెప్పాలంటే ఎక్కడ తెలియదో అక్కడే దొరికిపోతాం. నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ రాత్రుల్లోనే.

2025 ఫిబ్రవరి చివర్లో సప్లీ పరీక్ష. నేను చెప్పిన ఆ ఇద్దరితోనే ఒకే హాల్లో. ఫీజు కట్టిన రసీదు, పాత హాల్ టికెట్ రెండూ పట్టుకుపొండి, రెగ్యులర్ వాళ్ళ జాబితాలో మన పేరు ఉండదు, వేరే షీటులో వెతకాలి. ఆ వెతకడంలో గుండె దడ మొదలైంది, చేతులు చల్లబడ్డాయి. మొదటిసారి ఇదే దడను ‘నాకు రాదు’ అనుకున్నా. ఇది నాలుగో దారి అని అక్క ముందే చెప్పి ఉంది: దడ పరీక్ష వల్ల, నీ తెలివి వల్ల కాదు, దాన్ని అట్టా చదువుకోవద్దు అని. నీళ్ళు తాగి, ముందు బాగా వచ్చిన ప్రశ్న వెతుక్కుని రాశాను. ఒక ప్రశ్న పుస్తకంలో లేనిది. పావుగంట ఖాళీగా చూశాను. తర్వాత సీనియర్ నోట్సులో లాగా మార్జిన్‌లో రెండు రకాలుగా మొదలుపెట్టి, మూడోది పట్టుకుని ముగించాను. ఆ జవాబుకు ఎన్ని మార్కులు వేశారో నాకు తెలియదు. హాలు నుంచి బయటికొచ్చి ఆత్మకూరు బస్టాండు దాకా నడిచే పోయాను, ఆటో ఎక్కాలనిపించలేదు.

మే నెలలో రిజల్ట్. పాస్, అంతకుముందు దానికి రెండింతల పైన. జూలై 6న అమ్మా నేనూ రొట్టెలు చేసుకుని స్వర్ణాల చెరువుకు పోయాం. బీటెక్ సప్లీలున్న అబ్బాయి ఒకడు నా రొట్టె పట్టుకున్నాడు. ఎన్ని పోయినాయని అడిగా. అయిదన్నాడు. ‘అయిదేనా’ అని నేను అనలేకపోయాను. ముందు ఏ సబ్జెక్టు దగ్గర మొదలుపెడతావని అడిగి, అక్కడే కాసేపు మాట్లాడాను.

కనిగిరి అక్క డిసర్టేషన్ వైవా అప్పటికే అయిపోయింది. వెళ్ళేముందు నాతో ఆ రెండు కాగితాలూ మళ్ళీ నింపించింది. మొదటిది 32. ఒక్క మార్కే తేడా. రెండోది 10 నుంచి 60కి వచ్చింది. తను చదివిన ఇంకో సంగతి కూడా చెప్పింది. 1991లో మల్టన్, బ్రౌన్, లెంట్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, చదువు ఫలితాల్లో విద్యార్థుల మధ్య ఉండే తేడాలో ఈ నమ్మకంతో ముడిపడింది సుమారు 14 శాతం. నాకు అది విని నిరాశ కలగలేదు, తేలికైంది. మిగతాదాంట్లో బర్రె ఉంది, కొవ్వొత్తి ఉంది, మీడియం ఉంది, హాస్టల్ ఫీజు ఉంది. ఫెయిలైన పిల్లను పట్టుకుని ‘నీకు నమ్మకం లేకే పోయింది’ అనేవాళ్ళకు ఈ లెక్క చెప్పాలి. అదే సమయంలో ఆ 14 నా చేతిలో ఉన్న 14. దాన్ని నేను వదులుకోను.

నాలుగో సెమిస్టర్ పరీక్షలు జూలైలోనే ముగిశాయి. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయింది. రెండేళ్ళ ఆత్మకూరు ఛార్జీలు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది గానీ, మా జూనియర్లకైనా మిగులుతుంది.

పరిశోధన ఫెలోషిప్పుకు, లెక్చరర్ అర్హతకు పెట్టే 2025 డిసెంబరు సీఎస్ఐఆర్ నెట్‌కు అప్లై చేశాను. ఆ విడతకు ఓబీసీకి ఫీజు 600. మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ దానికి పనికిరాదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తహసీల్దార్ దగ్గర తీసుకోవాలి, ముందే పెట్టుకోండి. మొన్న అక్క ఫోన్ చేసి ‘నెట్‌కు ఎంత వేసుకుంటావు, వందకు?’ అని అడిగింది. 20 అన్నాను. గ్రూప్ థియరీ తెల్లకాగితాలు మొదలుపెట్టా.